డెన్మార్క్ రాజభవనాలు: రెండు మూడు రోజుల ప్రయాణంలో దేనిని ఎంచుకోవాలి?

కోపెన్‌హేగన్‌కు వచ్చే మనవారిలో ఎక్కువమంది చేతిలో రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటాయి. రాజుగారి కోట చూడాలన్న కోరికతో బయలుదేరి వస్తారు. తీరా వచ్చాక ఏ కోట అన్నదే పెద్ద చిక్కుగా మారుతుంది. అమాలియెన్‌బోర్గ్, రోసెన్‌బోర్గ్, క్రిస్టియన్స్‌బోర్గ్, ఫ్రెడెరిక్స్‌బోర్గ్, ఫ్రెడెన్స్‌బోర్గ్, క్రోన్‌బోర్గ్ అంటూ పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. డేనిష్ భాషలో "బోర్గ్" అంటే కోట. కొన్నేళ్లుగా ఈ నగరంలో ఉంటున్న నేను హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి వచ్చిన బంధుమిత్రులను ఈ భవనాలకు ఎన్నోసార్లు తీసుకువెళ్లాను. ఎవరు ఎక్కడ సంతోషించారో, ఎవరు ఎక్కడ ఉసూరుమన్నారో దగ్గరుండి చూశాను కాబట్టి ఈ పోలిక రాస్తున్నాను.

ఏది పెద్దది, ఏది అందమైనది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ ఎంపిక తెమలదు. మన గోల్కొండలోనో చంద్రగిరిలోనో అయితే రాజు నివాసం, ఖజానా, కొలువుకూటం, గుడి, ఆయుధాగారం అన్నీ ఒకే ప్రాకారం లోపల ఉండేవి. ఒక్క కోట చూస్తే రాజ్యం మొత్తం చూసినట్టే. డెన్మార్క్‌లో అగ్నిప్రమాదాల వల్ల, రాజుల అభిరుచుల వల్ల, 1849 రాజ్యాంగం తెచ్చిన మార్పుల వల్ల ఇవన్నీ వేరువేరు భవనాలకు చెదిరిపోయాయి. రాజు నివసించేది ఒకచోట, కిరీటం ఉండేది మరొకచోట, రాజు హోదాలో అతిథులను కలిసేది ఇంకొకచోట, పూర్వపు రాజులను అభిషేకించినది వేరొక ఊళ్లో, సమాధి చేసేది ఇంకో ఊళ్లో. కాబట్టి రాజరికంలో మీరు చూడదలచుకున్నది ఇల్లా, సొమ్మా, కొలువా, చరిత్రా అన్నది ముందు తేల్చుకుంటే, ఏ భవనానికి వెళ్లాలో దానంతట అదే తేలుతుంది.

భవనాలలోకి వెళ్లే ముందు ఇప్పటి రాజకుటుంబం గురించి నాలుగు మాటలు తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఏ గుమ్మం ఎవరిదో తెలియకపోతే అమాలియెన్‌బోర్గ్ చౌకు నాలుగు ఒకే రకం మేడల మధ్య ఖాళీ స్థలంలాగే కనిపిస్తుంది. 1972 జనవరి 14న సింహాసనం ఎక్కిన రెండవ మార్గ్రెథె రాణి, సరిగ్గా 52 ఏళ్ల తరువాత, 2024 జనవరి 14న తనంతట తానుగా పదవి విడిచి కుమారుడికి అప్పగించారు. డెన్మార్క్ పాలకులెవరూ దాదాపు 900 ఏళ్లుగా ఆ పని చేయలేదు. ఇప్పటి రాజు పదవ ఫ్రెడరిక్. రాణి మేరీ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టి పెరిగినవారు. వారిద్దరూ 2000లో సిడ్నీ ఒలింపిక్స్ సమయంలో కలుసుకున్నారు, 2004లో పెళ్లి చేసుకున్నారు. వారికి నలుగురు పిల్లలు: యువరాజు క్రిస్టియన్, ఇసబెల్లా, కవలలైన విన్సెంట్, జోసఫీన్. రాజుకు పాలనాధికారం లేదు. చట్టాల మీద సంతకం చేస్తారు, ప్రభుత్వాలను నియమిస్తారు, దేశానికి ముఖంగా ఉంటారు. 1953 వారసత్వ చట్టం ఆడపిల్లలకు కొడుకుల తరువాత స్థానం ఇచ్చింది; 2009 ప్రజాభిప్రాయ సేకరణతో ఆ తేడా కూడా పోయి, మొదట పుట్టిన బిడ్డే వారసులయ్యే పద్ధతి వచ్చింది.

ఒక్కటే చూడగలిగితే: రోసెన్‌బోర్గ్

ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది రోసెన్‌బోర్గ్ పేరే. ఊరి నడిబొడ్డున, రాజోద్యానం మధ్యలో, ఎర్ర ఇటుకలతో కట్టిన ఈ కోట పరిమాణంలో చిన్నది. నాలుగవ క్రిస్టియన్ రాజు 1606లో దీనిని వేసవి విడిదిగా మొదలుపెట్టి, దఫదఫాలుగా పెంచుకుంటూ పోయి, 1648లో ఇక్కడే కన్నుమూశాడు. తరువాతి రాజులు నివాసాలు మార్చుకుంటూ, తమ తాతముత్తాతల వస్తువులను ఇక్కడ భద్రపరచసాగారు. 1838లో ప్రజలకు తలుపులు తెరిచారు. గదులను రాజుల వరుసలో అమర్చారు గనుక, కింది అంతస్తు నుంచి పైకి ఎక్కుతూ పోతే ఒక వంశపు కథను తరాల క్రమంలో చదివినట్టు ఉంటుంది.

కింది అంతస్తులోని శీతాకాలపు గదిలో కాసేపు ఆగండి. గోడల నిండా చిన్న చిన్న చిత్రపటాలు ఉంటాయి. చూపు వాటి మీదకు పోతుంది గాని, ఆ గదిలోని అసలు విశేషం నేల కింద ఉంది. వాద్యగాళ్లు నేలమాళిగలో కూర్చుని వాయిస్తే ఆ ధ్వని గొట్టాల వంటి దారుల గుండా పైకి వచ్చి గదిని నింపేది; విందుకు వచ్చిన విదేశీ అతిథులకు పాట వినిపించేది, పాడేవారు మాత్రం కనిపించేవారు కారు. అదే రాజు 1644లో ఓడ మీద యుద్ధం చేస్తూ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆనాడు ఆయన ధరించిన రక్తపు మరకల బట్టలు ఇక్కడే ఉన్నాయి. దాదాపు 400 ఏళ్ల నాటి ఆ మరకలు ఇప్పుడు గోధుమరంగుకు తిరిగాయి. పిల్లలు ముందు జంకుతారు, తరువాత ఆ అద్దం దగ్గర నుంచి కదలరు.

పై అంతస్తులోని పొడవాటి హాలులో నిరంకుశ రాజుల సింహాసనం ఉంది. అది ఒంటికొమ్ము గుర్రపు కొమ్ములతో చేసినదని ఆ కాలంలో నమ్మేవారు. నిజానికి అవి నార్వాల్ అనే ఆర్కిటిక్ సముద్రపు తిమింగలం దంతాలు. దాని ముందు నిలువెత్తు వెండి సింహాలు మూడు కాపలా కాస్తుంటాయి. నేలమాళిగలో, బందోబస్తు మధ్య, కిరీటాలు ఉన్నాయి. ఒకటి నాలుగవ క్రిస్టియన్ 1596లో ధరించిన తెరిచిన పైభాగం గల కిరీటం. రెండవది అయిదవ క్రిస్టియన్ కోసం 1671 ప్రాంతంలో చేసిన, నిరంకుశ రాజులందరూ వాడిన మూసిన కిరీటం. 1840 తరువాత దానిని బతికున్న రాజు తల మీద ఎవరూ పెట్టలేదు. రాజు మరణించినప్పుడు శవపేటిక మీద మాత్రమే ఉంచేవారు. పక్కనే ఉన్న రాణివాసపు నగలకు మరో నియమం ఉంది. 1746లో సోఫీ మాగ్దలీన రాణి తన నగలు ఏ ఒక్కరి సొత్తూ కాకుండా, ఆ కాలపు రాణికి ధరించే హక్కుతో సింహాసనానికి చెందేలా వీలునామా రాసింది. ఆ నియమం ఇప్పటికీ నడుస్తున్నది. మేరీ రాణి వాటిని ధరించవచ్చు. దేశం దాటించి తీసుకువెళ్లకూడదు.

తెలుగువారికి రోసెన్‌బోర్గ్‌తో ఒక సొంత ముడి ఉంది. ఈ కోట కట్టిన నాలుగవ క్రిస్టియన్ పంపిన నౌకాదళమే 1620లో తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని, తరంగంబాడిలో స్థావరం సంపాదించింది. ఆ రఘునాథుడు స్వయంగా తెలుగు కవి, ఆయన కొలువు తెలుగు సాహిత్యానికి పుట్టిల్లు వంటిది. తరంగంబాడిలో డేనులు కట్టిన డాన్స్‌బోర్గ్ కోట నేటికీ సముద్రపు ఒడ్డున నిలిచే ఉంది. అక్కడ ఆ పేరు చూసినవారికి ఇక్కడి "బోర్గ్"లన్నీ ఒక్కసారిగా అర్థవంతమవుతాయి. రోసెన్‌బోర్గ్‌లో డెన్మార్క్ అత్యున్నత పురస్కారమైన గజ పురస్కారపు చిహ్నాలు కనిపిస్తే వంగి చూడండి: తెల్లని ఏనుగు, వీపు మీద అంబారీ, మెడ మీద మావటి. ఏనుగు తిరగని ఉత్తర దేశంలో రాజు తన మెడలో వేసుకునేది ఏనుగు బొమ్మనే.

ఇక్కడి ఇబ్బందులు కూడా చెప్పాలి. గదులు ఇరుకు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి పై అంతస్తు కష్టం. పెద్ద సంచులను లోపలికి తీసుకుపోనివ్వరు, లాకర్లలో పెట్టాలి. వేసవిలో టికెట్టు మీద లోపలికి వెళ్లే సమయం కూడా ఉంటుంది గనుక ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది.

రాజు ఇల్లు చూడాలనుకుంటే: అమాలియెన్‌బోర్గ్

మొదటిసారి వచ్చే ప్రతివారూ ముందుగా అడిగేది దీనినే, ఎందుకంటే రాజు నిజంగా ఉండేది ఇక్కడ. ఎనిమిది పలకల చౌకు చుట్టూ నాలుగు మేడలు, నడుమ గుర్రం మీద అయిదవ ఫ్రెడరిక్ విగ్రహం, ఒక పక్క పాలరాతి చర్చి గుమ్మటం, మరో పక్క నీళ్లు. 1750లలో వాస్తుశిల్పి ఎయిట్‌వెద్ గీసిన ఈ మేడలను రాజు కోసం కట్టలేదు. నలుగురు ప్రభువుల కుటుంబాల కోసం కట్టారు. 1794లో క్రిస్టియన్స్‌బోర్గ్ తగలబడి రాజకుటుంబం నిలువ నీడ లేకుండా పోయినప్పుడు ఈ మేడలను కొని ఇక్కడికి చేరారు. తాత్కాలికంగా దిగిన ఇల్లు శాశ్వత నివాసమైంది. ఇప్పుడు పదవ ఫ్రెడరిక్, మేరీ ఎనిమిదవ ఫ్రెడరిక్ మేడలో ఉంటారు. మార్గ్రెథె తొమ్మిదవ క్రిస్టియన్ మేడలో ఉంటారు. ఏడవ క్రిస్టియన్ మేడ విందులకు, అతిథులకు. ఎనిమిదవ క్రిస్టియన్ మేడలో మ్యూజియం ఉంది. ఏ మేడ మీద జెండా ఎగురుతుంటే ఆ మేడవారు ఇంట్లో ఉన్నట్టు.

ఇక్కడ చూడవలసినది చౌకులోనే ఉంది, దానికి టికెట్టు లేదు. ప్రతిరోజూ 11.30కు రోసెన్‌బోర్గ్ పక్కనున్న సైనిక శిబిరం నుంచి రాజరక్షక దళం బయలుదేరి, ఊరి వీధుల గుండా నడిచి, 12 గంటలకు ఈ చౌకుకు చేరి కాపలా మారుస్తుంది. ఎలుగుబంటి తోలు టోపీలు, నీలిరంగు పంట్లాములు, బూట్ల చప్పుడు. రాజు నివాసంలో ఉన్న రోజున బ్యాండు కూడా ఉంటుంది. ఎవరూ లేని రోజున వాయిద్యాలు ఉండవు, కవాతు చిన్నదిగా ముగుస్తుంది. ఈ తేడా తెలియక, బ్యాండు లేని రోజున వెళ్లి నిరాశపడినవారిని చూశాను. రాజకుటుంబం వేసవిలో ఊరు వదిలి వెళ్లే వారాల్లో అమాలియెన్‌బోర్గ్ కవాతు మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు.

మ్యూజియం సంగతి వేరు. తొమ్మిదవ క్రిస్టియన్ మొదలు ఇటీవలి రాజుల వరకు వారి రాతబల్లల గదులను యథాతథంగా అమర్చారు. పొగాకు గొట్టాలు, కుటుంబ ఫొటోలు, సైనిక బొమ్మలు, పుస్తకాల అరలు. ఆ గదులు చూస్తే రాజు కూడా మనలాగే కాగితాలు పేర్చుకున్నాడని తెలుస్తుంది. తొమ్మిదవ క్రిస్టియన్‌ను యూరప్ మామగారని పిలిచేవారు. ఒక కూతురు అలెగ్జాండ్రా ఇంగ్లండు రాణి, మరో కూతురు డాగ్మార్ రష్యా సామ్రాజ్ఞి, ఒక కొడుకు గ్రీసు రాజు. యూరప్ వంశవృక్షాల మీద ఆసక్తి ఉన్నవారికి ఈ మ్యూజియం విందు భోజనమే. ఆ పేర్లతో పరిచయం లేనివారికి అది ఎవరివో తెలియని ఫొటోల ఆల్బమ్ తిరగేసినట్టు ఉంటుంది. మా ఇంటికి వచ్చిన పెద్దవారిలో పదిమందికి తొమ్మిదిమంది చౌకును మెచ్చుకున్నారు, మ్యూజియంలో కుర్చీ వెతుక్కున్నారు. అందుకే చౌకు తప్పనిసరి, మ్యూజియం ఐచ్ఛికం అని చెబుతాను.

కొలువు చూడాలనుకుంటే: క్రిస్టియన్స్‌బోర్గ్

ఒక రోజులో రెండు భవనాలు చూసే వీలుంటే రోసెన్‌బోర్గ్ తరువాత నా రెండవ ఎంపిక ఇది. కారణం ఒక్కటే: మిగిలిన చోట్ల రాజరికం గతంలో ఉంది, ఇక్కడ వర్తమానంలో ఉంది. ఒకే కప్పు కింద పార్లమెంటు, సుప్రీంకోర్టు, ప్రధానమంత్రి కార్యాలయం, రాజు అతిథులను స్వీకరించే గదులు ఉన్నాయి. 2024 జనవరి 14 మధ్యాహ్నం మార్గ్రెథె ఈ భవనంలోనే మంత్రివర్గం సమక్షంలో సంతకం చేసి సింహాసనం విడిచారు. గంట తిరిగేసరికి ప్రధానమంత్రి మెట్టె ఫ్రెడెరిక్సెన్ బాల్కనీలోకి వచ్చి కొత్త రాజును ప్రకటించారు. కిరీటం పెట్టలేదు, అభిషేకం జరగలేదు. తల్లి సంతకంతో రాజు రాజయ్యాడు, ఎన్నికైన ప్రధాని దానిని ప్రజలకు చాటారు. ఆ బాల్కనీ కింద నిలబడి ఈ విషయం చెప్పినప్పుడు, ముందురోజు రోసెన్‌బోర్గ్‌లో కిరీటం చూసినవారికి అది ఎందుకు అద్దాల వెనక ఉండిపోయిందో అర్థమవుతుంది. అందుకే ఈ రెండింటినీ జంటగా చూడమంటాను.

లోపలికి వెళ్లేటప్పుడు నేల పాడుకాకుండా బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకోమంటారు. నున్నని చెక్క నేల మీద అందరూ ఆ తొడుగులతో జారుతున్నట్టు నడుస్తుంటే అడుగుల చప్పుడు అణిగిపోయి, గదుల నిశ్శబ్దం ఇంకా పెరుగుతుంది. సింహాసనపు గది, గ్రంథాలయం దాటి మహామందిరంలోకి అడుగుపెట్టగానే కళ్లు చెదిరే రంగులు మీద పడతాయి. అవి గోడలకు వేలాడదీసిన 17 నేత చిత్రాలు. రాణి మార్గ్రెథె 50వ పుట్టినరోజు సందర్భంగా, 1990లో, డేనిష్ వాణిజ్య సంస్థలు ఇచ్చిన కానుక అది. చిత్రకారుడు బ్యోర్న్ నోర్గోర్ గీసిన బొమ్మలను ఫ్రాన్సులోని ప్రాచీన నేతశాలల్లో నేయించారు. పూర్తయ్యేసరికి 2000 సంవత్సరం వచ్చింది. వైకింగుల కాలం నుంచి నేటి వరకు వెయ్యేళ్ల చరిత్ర ఆ దారాల్లో ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే మీకు తెలిసిన ముఖాలు కూడా కనిపిస్తాయి. చేనేత విలువ తెలిసిన ఇంట పుట్టినవారు ఈ ఒక్క గదికే గంట ఇవ్వవచ్చు. పోచంపల్లి నుంచి వచ్చిన మా బంధువు ఒకాయన బొమ్మలను వదిలేసి, ఒక్కో రంగు అంచు పక్క రంగుతో కలిసే చోటును మాత్రమే చూస్తూ నిలబడిపోయారు.

అదే ఆవరణలో భూమి కింద బిషప్ అబ్సలాన్ 1167లో కట్టించిన కోట శిథిలాలు, రాగి గిన్నెలు వరుసగా పేర్చిన రాజుగారి వంటశాల, గుర్రపుశాల కూడా చూడవచ్చు. వీటిలో శిథిలాలను చరిత్ర మీద ఇష్టం ఉంటేనే ఎంచుకోండి. చీకటిగా, చల్లగా, రాళ్లుగా ఉంటాయి. పిల్లలుంటే వంటశాల, గుర్రాలు. ఇప్పుడున్న భవనం ఇక్కడ కట్టిన మూడవ క్రిస్టియన్స్‌బోర్గ్. మొదటిది 1794లో, రెండవది 1884లో కాలిపోయాయి. మూడవదాని గోపురం 106 మీటర్ల ఎత్తు, నగరంలోని గోపురాలన్నిటికంటే ఎత్తైనది. పైకి లిఫ్టు ఉంది, ఎక్కడానికి డబ్బు తీసుకోరు. మెట్లు ఎక్కలేని పెద్దవారితో వచ్చినవారు రోసెన్‌బోర్గ్‌కు బదులు క్రిస్టియన్స్‌బోర్గ్‌నే మొదటి ఎంపికగా పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

నగరం దాటి వెళ్లగలిగితే

మరో రోజు చేతిలో ఉంటే ప్రశ్న మారుతుంది: హిల్లెరోడ్‌లోని ఫ్రెడెరిక్స్‌బోర్గా, హెల్సింగోర్‌లోని క్రోన్‌బోర్గా? గైడ్ పుస్తకాలు చాలావరకు క్రోన్‌బోర్గ్‌కే ఓటు వేస్తాయి, ఎందుకంటే షేక్‌స్పియర్ తన డెన్మార్క్ రాకుమారుడి విషాద నాటకం "హామ్లెట్"ను జరిపించిన ఎల్సినోర్ అదే, 2000 నుంచి యునెస్కో జాబితాలోనూ ఉంది. నేను ఫ్రెడెరిక్స్‌బోర్గ్‌కే ఓటు వేస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఫ్రెడెరిక్స్‌బోర్గ్ వేరు, ఫ్రెడెరిక్స్‌బెర్గ్ వేరు. రెండవది కోపెన్‌హేగన్‌లోనే ఉన్న పసుపురంగు మేడ, ఇప్పుడు అందులో సైనికాధికారుల శిక్షణ సంస్థ ఉంది. ఒక్క అక్షరం తేడాతో మా స్నేహితుల కుటుంబం మెట్రో ఎక్కి అక్కడ దిగి, సరస్సు మధ్యలో కోట ఏదని నాకు ఫోన్ చేసింది. మీకు కావలసినది హిల్లెరోడ్. నగర రైలులో సుమారు 40 నిమిషాల ప్రయాణం, స్టేషను నుంచి కొంత నడక.

రోసెన్‌బోర్గ్ కట్టిన నాలుగవ క్రిస్టియనే 17వ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో సరస్సులోని మూడు చిన్న దీవుల మీద ఫ్రెడెరిక్స్‌బోర్గ్‌ను కట్టించాడు. గాలి లేని ఉదయం వెళితే రాగి పచ్చబారిన గోపురాలన్నీ నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంటాయి. 1671 నుంచి 1840 వరకు నిరంకుశ రాజులను ఇక్కడి ప్రార్థనాలయంలోనే అభిషేకించారు. 1859 డిసెంబరులో ఏడవ ఫ్రెడరిక్ ఇక్కడ ఉండగా మంటలు చెలరేగి కోటలో ఎక్కువ భాగం కాలిపోయింది. ప్రార్థనాలయం మాత్రం దక్కింది. అందులోని 1610 నాటి కొంపేనియస్ ఆర్గన్ ఈనాటికీ మోగుతుంది. గోడల నిండా గజ పురస్కారం పొందినవారి కవచ చిహ్నాలు వేలాడుతుంటాయి. నెల్సన్ మండేలా పేరు వెతికి చూడండి. మంటల తరువాత కోటను ఏం చేయాలో రాజుకు తోచని సమయంలో కార్ల్స్‌బర్గ్ బీరు యజమాని యాకోబ్సెన్ ముందుకు వచ్చి, ఖర్చులో పెద్ద భాగం భరించి, 1878లో దీనిని జాతీయ చరిత్ర మ్యూజియంగా మార్పించాడు. రాజు ఇల్లు పౌరుడి పూనికతో ప్రజల ఇల్లయింది. ఈనాటి రాజకుటుంబపు చిత్రపటాలు కూడా ఇక్కడే చేరుతున్నాయి గనుక, పాతకాలపు రాజులను, పదవ ఫ్రెడరిక్‌ను ఒకే భవనంలో చూడవచ్చు. వెనక బరోక్ ఉద్యానం మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. తిరిగి చూస్తే కోట మొత్తం ఒక్క చూపులో పడుతుంది. ఫొటో తీసుకోవలసిన చోటు అదే.

క్రోన్‌బోర్గ్ రాజకుటుంబపు ఇల్లుగా ఎన్నడో ముగిసింది. దాని అసలు కథ సుంకానిది. స్వీడన్‌కు, డెన్మార్క్‌కు మధ్య సముద్రం ఇక్కడ సుమారు 4 కిలోమీటర్లకు ఇరుకవుతుంది. 1429 నుంచి 1857 వరకు ఆ ఇరుకు గుండా పోయే ఓడల నుంచి డేనిష్ రాజులు సుంకం వసూలు చేశారు; రెండవ ఫ్రెడరిక్ ఆ డబ్బుతో 1574, 1585 మధ్య ఈ కోటను తీర్చిదిద్దాడు. లోపల 62 మీటర్ల పొడవైన నృత్యశాల తప్ప గదులు బోసిగా ఉంటాయి, గాలి కోతగా ఉంటుంది. రాజుల కథ కోసం వచ్చినవారిని అది తృప్తిపరచదు. సముద్రం, ఫిరంగులు, బురుజుల మీద నడక ఇష్టమైనవారిని, నాటకం చదివినవారిని మాత్రం ఎన్నటికీ మరచిపోనివ్వదు.

రెండూ చూడాలనుకునేవారికి ఒక దారి ఉంది. ఉదయం కోపెన్‌హేగన్ నుంచి తీరపు రైలులో 45 నిమిషాల్లో హెల్సింగోర్ చేరి, క్రోన్‌బోర్గ్ చూసుకుని, అక్కడి నుంచి హిల్లెరోడ్ వెళ్లే చిన్న స్థానిక రైలు ఎక్కితే అది అడవుల మధ్యగా ఫ్రెడెన్స్‌బోర్గ్ మీదుగా పోతుంది. సాయంత్రం హిల్లెరోడ్ నుంచి నగర రైలులో వెనక్కి రావచ్చు. వెళ్లినదారినే తిరిగి రానవసరం లేదు. కోపెన్‌హేగన్ కార్డు తీసుకుంటే ఈ రైళ్లూ, పైన చెప్పిన కోటల ప్రవేశమూ అందులో కలుస్తాయి. రోజుకు రెండు టికెట్టు కోటలు చూసేవారికి ఆ కార్డు గిట్టుబాటవుతుంది. చౌకు, గోపురం, తోటలు మాత్రమే చూసేవారికి గిట్టదు.

ఆ దారిలో ఉన్న ఫ్రెడెన్స్‌బోర్గ్ ఇప్పటి రాజకుటుంబానికి వసంతంలో, శరత్తులో నివాసం. "శాంతి కోట" అని ఆ పేరుకు అర్థం. నాలుగవ ఫ్రెడరిక్ 1720లో స్వీడన్‌తో దీర్ఘ యుద్ధం ముగిసిన గుర్తుగా కట్టించాడు. ఈయన కూడా తెలుగువారికి తెలియకుండానే దగ్గరివాడు: 1706లో తరంగంబాడికి చేరిన మిషనరీలను పంపింది ఈయనే. ఆ మిషన్ తరఫున తరువాత వచ్చి, మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ రాసిన పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు లిపిలో అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. ఆ అచ్చు వెనక ఒక కొస ఈ భవనం కట్టిన రాజు దగ్గర ఉంది. పదవ ఫ్రెడరిక్, మేరీల పెళ్లి విందు జరిగినది ఇక్కడే. మార్గ్రెథె భర్త హెన్రిక్ 2018లో కన్నుమూసినదీ ఇక్కడే. దీనిని ఎంచుకోవడంలో కాలమే కీలకం. లోపలి గదులు, కుటుంబపు సొంత తోట వేసవిలో, ముఖ్యంగా జూలైలో మాత్రమే తెరుస్తారు. మిగిలిన నెలల్లో సరస్సు ఒడ్డున పెద్ద ఉద్యానం అందరిదీ. అందులో నార్వే రైతులు, జాలరుల ఇసుకరాతి బొమ్మలు వలయాలుగా నిలబడిన లోయ ఒకటి ఉంది. జూలైలో వచ్చినవారు క్రోన్‌బోర్గ్‌ను వదులుకుని అయినా ఇక్కడ దిగాలి. చలికాలంలో వచ్చినవారు రైలు కిటికీలోంచి చూసి ముందుకు పోవచ్చు.

దక్షిణ జట్లాండ్‌లోని గ్రోస్టెన్ వేసవి విడిదిని ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్లవలసిన పని లేదు. ఆర్హుస్ నగరానికి వేరే పని మీద వెళ్లేవారు మాత్రం మార్సెలిస్‌బోర్గ్ చూడాలి. 1898లో, తరువాత పదవ క్రిస్టియన్ రాజైన రాకుమారుడి పెళ్లికి ప్రజలు చందాలతో ఇచ్చిన కానుక ఈ తెల్లని మేడ. మేడ లోపలికి ఎవరినీ రానివ్వరు. రాజకుటుంబం లేనప్పుడు గులాబీ తోటలోకి ఉచితంగా వెళ్లవచ్చు, ఉన్నప్పుడు తోట మూసి, 12 గంటలకు కాపలా మార్పు జరుపుతారు. ఎటు చూసినా ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక రోజుల వారీ సలహా. ఒక్క రోజే ఉంటే ఉదయం తెరవగానే రోసెన్‌బోర్గ్, 11.30కు అక్కడి నుంచి రక్షక దళం వెంటే నడిచి 12కు అమాలియెన్‌బోర్గ్ చౌకు, భోజనం తరువాత క్రిస్టియన్స్‌బోర్గ్, చివరగా గోపురం. మధ్య దూరాలన్నీ నడిచేవే. రెండవ రోజు హిల్లెరోడ్. మూడవ రోజు ఉంటే, క్రోన్‌బోర్గ్‌కు ముందు రోస్కిల్డె చర్చిని ఆలోచించండి. రైలులో అరగంట లోపు. దాదాపు 40 మంది రాజులు, రాణులు అక్కడ నిద్రిస్తున్నారు. రోసెన్‌బోర్గ్ కట్టిన నాలుగవ క్రిస్టియన్, ఫ్రెడెన్స్‌బోర్గ్ కట్టిన నాలుగవ ఫ్రెడరిక్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. చలికాలంలో కొన్ని కోటలు సోమవారాలు మూసి ఉంటాయి గనుక, సోమవారం కోపెన్‌హేగన్‌లో దిగేవారు ఆ రోజును క్రిస్టియన్స్‌బోర్గ్‌కు కేటాయించుకోవాలా, చౌకుకూ తోటలకూ వదిలేయాలా అన్నది బయలుదేరే ముందే ఆయా కోటల వెబ్‌సైట్లలో చూసుకోవాలి. క్రిస్టియన్స్‌బోర్గ్‌లో రాజుగారి కార్యక్రమం ఉన్న రోజున సందర్శకులకు గదులు మూసేస్తారు, టికెట్టు కొనేముందు అది కూడా చూసుకోండి.